అడిగేవాడు

మస్తాన్ అబద్ధం చెప్పలేదు. తనకు తెలిసింది చెప్పాడు. ఓర్వకల్లు దగ్గరి సార్ సొంత పల్లెలో, చర్చి ముందు వేసిన షామియానా కింద, ఆయన పోయాక ఇంటివాళ్ళను ఓదార్చే ఆదరణ కూడిక జరుగుతోంది. స్నేహితులెవరైనా రెండు మాటలు మాట్లాడమని పాస్టరుగారు అంటే మస్తాన్ లేచాడు. కడపలో బండల వ్యాపారం చేసే మనిషి, మైకు ముందు నిలబడటం అలవాటు లేదు.

"ఆదివారాలు మేమొక ఆట ఆడుతుంటిమి. దాంట్లోకి సార్ కొత్తగా ఒక పాత్రను తయారుచేసినాడు. అది పనికిరాదని తేలినప్పుడు, ఎవరూ అనకముందే ఆయనే తీసేసినాడు. ఓడిపోయినానని అంత నెమ్మదిగా ఒప్పుకునే మనిషిని నేను మల్ల చూడలే" అని చెప్పి కూర్చున్నాడు.

అందరూ తలలూపారు. నేనూ ఊపాను.

ఆ పాత్ర పనికిరాదని ఎప్పుడూ తేలలేదు. అది పనిచేసింది, అనుకున్నదానికంటే బాగా పనిచేసింది. అప్పటికి ఆ సంగతి నాకొక్కడికే తెలుసు. మా ఆట పుస్తకానికి నేను రాసిన ముందుమాటలో కూడా మస్తాన్ చెప్పినట్టే ఉంది. అది తప్పు. ఈ నాలుగు మాటలు దాన్ని దిద్దడానికి.

సార్ కడపలో ఒక జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేవారు. నాకంటే ఐదారేళ్ళు పెద్ద. నాకు పెళ్ళిపత్రికలూ ఫ్లెక్సీలూ వేసే చిన్న ప్రెస్సు ఉంది. దాని పైగదిలో, కాగితపు కట్టల మధ్య బల్ల వేసుకుని మేము నలుగురం ఆదివారం మధ్యాహ్నాలు కూర్చునేవాళ్ళం. నేను, సార్, మస్తాన్, బ్యాంకులో పనిచేసే లలిత. లలిత జమ్మలమడుగు వైపు నేతవాళ్ళ అమ్మాయి.

ఆట గురించి తెలియనివాళ్ళకు ఒక మాట. ఇందులో బోర్డు ఉండదు, గెలుపు ఉండదు. ఒకరు కథ నడుపుతారు, మా బల్ల దగ్గర అది నేను. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర. మూసిన తలుపు ముందు నిలబడ్డావు, ఏం చేస్తావు అని నేను అడిగితే, పగలగొడతాననో, తట్టి చూస్తాననో వాళ్ళు చెప్పాలి. ఆ పని అయ్యిందా లేదా అన్నది పాచిక చెబుతుంది. పెద్దవాళ్ళు కథ చెప్పుకుంటూ ఆడుకోవడం, అంతే.

సార్ చర్చి నుంచి నేరుగా వచ్చేవారు. తెల్లచొక్కా, మెడ దాకా గుండీలు. బైబిలును ఆట బల్ల మీద పెట్టేవారు కాదు. పక్కనున్న కాగితపు కట్ట మీద పెట్టి, దాని మీద చేతిరుమాలు పరిచేవారు.

"ఏం సార్, దేవునికి కనపడకుండానా?" అనేవాడు మస్తాన్.

"కాదుప్పా. ఈడ దుమ్ము శానా ఉండాది" అనేవారు సార్, ప్రతిసారీ కొత్తగా చెబుతున్నట్టు.

ఆటలో అందరం 'నేను దూకుతాను, నేను కత్తి దూస్తాను' అంటాం. సార్ ఒక్కసారి కూడా అలా అనలేదు. 'మావాడు దూకుతాడు' అనేవారు. మావాడికి ఆకలిగా ఉంది, మావాడు ఈ రాజును నమ్మడు. ఇంటి కుర్రాణ్ణి కొత్త బడికి పంపి, వాడి గురించి చెబుతున్నట్టు ఉండేది. పాత్రకు గాయమైతే నిజంగానే ముఖం ముడుచుకునేది.

ఆయనకు ఒక ప్రశ్న ఉండేది. ఎవరు దేన్ని పొగిడినా సాంతం విని, "సరేప్పా, వానికి ఏం చేతకాదు?" అనేవారు. కాలేజీకి కొత్తగా వచ్చిన ప్రిన్సిపాల్ గురించీ అదే ప్రశ్న. మస్తాన్ కొన్న బండరాళ్ళు కోసే యంత్రం గురించీ అదే. ఎగతాళి కాదు. చేతకానిదేదో తెలిస్తే తప్ప ఆయనకు మనిషి గానీ వస్తువు గానీ అంతుపట్టేది కాదు.

మొదట్లో మా మంత్రగాళ్ళు ఇంగ్లీషు నుంచి వచ్చారు. నెట్‌లో దొరికిన నియమాలను నేనే అచ్చువేసి కుట్టాను. అందులో మంత్రాలు వేసే క్లాసులు, అంటే పాత్రల రకాలు, చాలా ఉన్నాయి. పేర్లు వేరు, టోపీలు వేరు. బల్ల దగ్గర చేసేది మాత్రం ఒకటే: కొన్ని పాయింట్లు కొట్టేసుకోవాలి, పాచిక వేయాలి, నిప్పు వస్తుంది. కొన్ని వారాలు ఆడాక సార్ ఆ కాగితాలు ముందేసుకుని, "వీళ్ళందరూ ఒకటే మనిషిప్పా. చొక్కాలు మార్చుకోని మల్ల మల్ల వస్తాండాడు" అన్నారు.

అప్పుడు మొదలైంది అసలు పని. మన చుట్టుపక్కల మనుషులు శక్తిని ఎక్కడెక్కడ వెతుక్కుంటారో చూసి, దాన్నిబట్టి మంత్రగాళ్ళను చేయాలన్నారు. ఒక షరతు పెట్టారు. మా గదికి ఎదురుగా, సందుకు అవతల, మేడమీద ఒక దర్జీ మిషను ముందు కూర్చుని ఉండేవాడు. మేము కనిపిస్తాం గానీ మా మాటలు అతనికి వినపడవు.

"ఆ దర్జీకి తెలియాల. మాట వినపడకుండానే, ఎవరు ఏ రకం మంత్రగాడో చూపుకే తెలియాల. తెలియకపోతే మనం చేసినవి రెండు రకాలు కావు, ఒకటే."

అలా మూడు క్లాసులు పుట్టాయి. మంత్రగాడి పాత్ర తీసుకున్నవాళ్ళు, మేము కట్టుకున్న మంత్రాన్ని కాగితం చూడకుండా, గొంతెత్తి చెప్పాలి. మాట తప్పితే మంత్రం తిరగబడుతుంది. నోట్లో గుడ్డ కుక్కితే వాడూ అందరిలాంటి మనిషే. తాయెత్తులు కట్టే పాత్రయితే, ఆట మొదలయ్యేముందే చీటీలు రాసి, చుట్టి, దారం కట్టి దగ్గర పెట్టుకోవాలి. వాటిని ఎవరికైనా ఇవ్వవచ్చు. ఆట మధ్యలో మాత్రం కొత్తది రాయడానికి లేదు. పూనకం వచ్చే పాత్రకు బలం అందరికంటే ఎక్కువ, కానీ పూనకం ఉన్నంతసేపూ ఆ పాత్రను నడిపేది ఎడమపక్కన కూర్చున్నవాళ్ళు. పాత్ర నీది, నోరు నీది కాదు.

మంత్రగాడికి నేను ముందే ఒక పెద్ద జాబితా రాసి పెట్టుకున్నాను. గాలిలో ఎగరడం, రాయిని కరిగించడం, చచ్చినవాణ్ణి పలికించడం. నెల రోజుల శ్రమ. సార్ మొత్తం చదివి, వానికి ఏం చేతకాదు అని ఆ ప్రశ్నే అడిగారు. జాబితాలో ముప్పాతిక కొట్టివేశాం. మంత్రగాడు బాగుపడ్డాడు, నిజమే. నాకు మాత్రం ఆ పూట అన్నం సయించలేదు.

నాలుగోదాన్ని గురించి ఆయన చాలా రోజులు నోరు విప్పలేదు. చెప్పబోయి ఆగేవారు. చివరికి ఒక ఆదివారం టీ తాగుతూ అన్నారు:

"మనం చేసిన మూడింటిలోనూ శక్తి వాని దగ్గరే ఉండాది. నోట్లోనో, చీటీలోనో, ఒంట్లోనో. తన దగ్గర ఏమీ లేనోడు ఒకడుండాలప్పా. వాడు అడుగుతాడు. అంతే."

అడిగేవాడు. అదే ఆ క్లాసు పేరు. వాడు తనకు కావలసినదాన్ని ఒక్క వాక్యంలో పైకి అడుగుతాడు. పాచిక వాడు వేయడు, పక్కవాళ్ళు వేసి దాని మీద స్టీలు గ్లాసు బోర్లిస్తారు. గ్లాసు ఎత్తి చూసేది కథ నడిపేవాడొక్కడే. ఐదు గానీ ఆరు గానీ పడితే అడిగింది దొరికినట్టు. చూసినవాడు పైకి చెప్పకూడదు. దొరికినదాన్ని కథలోకి తీసుకురావాలి, అంతే.

"మరి దొరికిందని ఎట్ల తెలుస్తాది సార్?" అన్నాడు మస్తాన్.

"తెల్దు."

"తెల్దంటే?"

"పని జరిగితే జరుగుతాది కదప్పా. అడిగినందుకు జరిగిందో, ఊరికే జరిగిందో, అది తెల్దు."

"ఇంత కష్టపడి అడిగి, ఇచ్చినారో లేదో తెలియకుంటే ఎట్ల సార్? మా రేషన్ షాపు మాదిరి ఉండాది" అంది లలిత. సార్ అందరికంటే ఎక్కువ నవ్వారు.

నేను అడిగింది వేరు. "కథ నడిపేవాడు అబద్ధమాడితే?"

సార్ నావైపు చూశారు. ఆ ప్రశ్న ఆయనకు తట్టనే లేదని ముఖంలో తెలిసింది. "నువ్వెందుకు ఆడతావు?" అన్నారు.

కొన్ని వారాలు పోయాక మస్తాన్ ఎదురు మేడమీదికి వెళ్ళి దర్జీని పిలుచుకొచ్చాడు. మాలో ఎవరు ఏం చేస్తున్నారో చెప్పమన్నాం. దర్జీ మెడలో టేపు తీయకుండానే నిలబడి, "ఈ బండలాయన అరుస్తాడు. ఆ యమ్మ వచ్చీరాగానే ఏందో రాసి చుట్టుకుంటాది. సార్..." అని ఆగి, మొహమాటపడి, "సార్ ఏం చేయడు. ఊరికే కూర్చోని గ్లాసు పక్క చూస్తుంటాడు" అన్నాడు. సార్‌కు బహుమతి ఇచ్చినట్టయింది. ఆ సాయంత్రమంతా అదే మాట చెప్పుకున్నారు.

అడిగేవాడు వచ్చాక మా ఆట మారిపోయింది. మస్తాన్ అంతటివాడు అరుపులు తగ్గించి గ్లాసు వైపు చూడటం మొదలుపెట్టాడు. కథలో ఏ మంచి జరిగినా, అది అడిగినందుకా కాదా అని టీకొట్టు దాకా వాదించుకునేవాళ్ళు. నేను నెలలు శ్రమపడి అల్లిన కథ గురించి కాదు, గ్లాసు కింద ఏముండిందన్నదాని గురించి. నేను ఈర్ష్య పడ్డాను. దానికి ఇంకో పేరు పెట్టను.

ఆ రోజుల్లోనే సార్ వెళ్ళే చర్చి సంఘంలో గొణుగుడు మొదలైంది. పెద్దలు ఇద్దరు ముగ్గురు, పాచికలేమిటి, మంత్రగాళ్ళేమిటి, ఆదివారం పూట ఇదేం పని అన్నారట. సార్ ఆ మాట మాకు తేలికగానే చెప్పారు. దాన్ని ఆయన ఎంత లోపలికి తీసుకున్నారో మాకు తెలియలేదు.

ఆ ఆదివారం నేనొక కోట కట్టి పెట్టాను. మస్తాన్ షాపులో మిగిలిన కడపరాయి ముక్కలతో, బల్ల నిండా. ప్రాకారం, బురుజులు, ఒకే ఒక గేటు. మూడు వారాల యుద్ధం నా తలలో సిద్ధంగా ఉంది. గేటు బయట వీళ్ళ పాత్రలు, వెనక నుంచి తరుముకొస్తున్న దండు. లలిత పాత్రకు పెద్ద గాయమైంది. ఆ తాయెత్తుల మనిషిని లలిత మూడేళ్ళుగా నడుపుతోంది. దగ్గరున్న తాయెత్తులు అయిపోయాయి.

సార్ చేతులు ఒళ్ళో పెట్టుకుని, "గేటు కాడుండే కావలివాని మనసు మెత్తబడాలని మావాడు అడుగుతాండాడు" అన్నారు.

లలిత పాచిక వేసి గ్లాసు బోర్లించింది. నేను అంచు ఎత్తి చూశాను. ఆరు.

కావలివాడు గేటు తీస్తే యుద్ధం లేదు. కోట లేదు. మూడు వారాల కథ ఒక్క వాక్యంతో పోతుంది. అదీ అడిగేవాడి వాక్యంతో. పాచికను అరచేతిలోకి లాక్కుని, గ్లాసు మళ్ళీ బోర్లించి, కావలివాడు కిందికి చూసి నవ్వి, గేటు తీయకుండానే పోయాడని చెప్పాను. దొరికింది ఆలస్యంగా కూడా రావచ్చు కదా, తర్వాత తెస్తానులే అని నాకు నేను చెప్పుకున్నాను. తేలేదు. సాయంత్రానికి లలిత పాత్ర ప్రాకారం కింద చనిపోయింది.

లలిత పెన్ను మూత పెట్టి, వాడేసిన చీటీలన్నీ ఏరి బ్యాగులో వేసుకుంది. "పోనీలే సార్. ఆటే కదా" అంది, సార్ ముఖం చూసి. సార్ అప్పటికే, "నావల్లే పాయ లలితమ్మా. వేరే రకం మంత్రగాణ్ణి తెచ్చుకోని ఉంటే బతికించుకుంటుంటిమి" అని రెండుసార్లు అన్నారు.

మరుసటి ఆదివారం ఆయన రాలేదు. ఆ పై వారం వచ్చారు గానీ పైకి ఎక్కలేదు. నన్ను టీకొట్టు దగ్గరికి పిలిచారు.

"ఆ నాలుగోదాన్ని తీసేయప్పా" అన్నారు.

"ఎందుకు సార్? ఒక్కసారి తప్పితే..."

"ఒక్కసారి అని కాదు. పెద్దలు అంటాండారు కదా, ఇది తగని పని అని. నాకు ఎటూ తేలలే. ప్రార్థన మాదిరి దాన్ని ఆటలో పెట్టొచ్చునా, పెట్టకూడదా అని. అందుకే మనసులో అనుకున్నా. ఈసారి అడిగింది దొరికితే నేను చేసేది తప్పు కాదు. దొరక్కపోతే మానుకోవాల. చీట్లు వేసి తెలుసుకునేది మా గ్రంథంలో ఉండాది లే." గ్లాసులో మిగిలిన టీ పారబోశారు. "దొరకలే. అడిగి జవాబు తెలుసుకున్నాక ఇంక మాట్లాడకూడదు."

ఒక్క మాట చాలు. ఆరు పడింది సార్, నేను మీకు అబద్ధం చెప్పాను. ఆ మాట అంటే లలిత పాత్రను నేను చంపినట్టు తేలుతుంది. ఇన్నాళ్ళుగా గ్లాసు కింద చూసి కథలోకి తెచ్చినవన్నీ అనుమానంలో పడతాయి. బల్ల దగ్గర నా కుర్చీ పోతుంది. ఇన్ని లెక్కలు వేసుకుని, "మీ ఇష్టం సార్" అన్నాను. దేవుడి దగ్గర నుంచి ఎదురుచూసిన జవాబు స్థానంలో ఆయన నా మాటను పెట్టుకున్నారు. అది తెలిసే నేను ఊరుకున్నాను. గ్లాసు కింద చేసిన మోసం ఒక నిమిషానిది. ఈ ఊరుకోవడం ఆయన పోయేదాకా సాగింది.

సార్ మళ్ళీ రాలేదు. మేము మూడు క్లాసులతో పుస్తకం వేశాం. నాలుగోదాన్ని తయారుచేసినవారే అది పనికిరాదని వద్దనుకున్నారని ముందుమాటలో గౌరవంగా రాశాను. నాకే నచ్చింది ఆ వాక్యం.

ఇప్పుడు మస్తాన్‌కూ లలితకూ అంతా చెప్పాను. మస్తాన్ తిట్టాడు. లలిత ఇంకా నాతో మాట్లాడటం లేదు. కానీ మొదట చెప్పింది వాళ్ళకు కాదు.

ఆ రోజు కూడిక అయ్యాక భోజనాలు పెట్టారు. సార్ భార్య నన్ను ఇంటి పక్కకు, నీడలోకి పిలిచారు. నేను ఆమెను అక్కా అంటాను.

"నిన్నొక మాట అడగాలప్పా" అన్నారు. "ఆస్పత్రిలో పాస్టరయ్యగారు వచ్చి ప్రార్థన చేస్తుంటే, ఈయన స్తోత్రం మటుకు చెప్పేవాడు. బాగుచెయ్యి అని ఒకసారన్నా అడగలే. గొప్ప విశ్వాసం అంటాండారు అందరూ. నాకట్ల అనిపించలే. పెండ్లయినప్పటినుంచి చూస్తాండా, ఆయన అన్నీ అడిగే మనిషి. వానకు అడిగేవాడు. ఎనుముకు జబ్బు చేస్తే అడిగేవాడు. బస్సు రాకపోయినా అడిగేవాడు, నేను నవ్వుతుంటి."

నేను నేల చూస్తున్నాను.

"ఒకనాడు గట్టిగా అడిగితి, ఎందుకు అడగవు అని. 'అడిగేది మానుకోమని నాకు ఎప్పుడో చెప్పేసినారు లే' అన్నాడు. ఎవరు చెప్పినారంటే అటు తిరిగి పండుకున్నాడు. సంఘంలో అందరినీ అడిగినా. మేము అట్లాంటి మాట అనలేదన్నారు. నీతో శానా చనువు కదా ఆయనకు. ఎవరన్నారో నీకేమన్నా తెలుసునా?"

తెలియదని చెప్పడానికి నాకు అలవాటైన నోరు ఉంది. ఎందుకో ఆ రోజు అది రాలేదు.

"నేనే అక్కా" అన్నాను.

నిలబడే చెప్పాను. ఆమెకు ఆట తెలియదు. బల్ల, పాచిక, గ్లాసు, అన్నీ మొదటినుంచి చెప్పాల్సి వచ్చింది. ఆమె మధ్యలో ఆపలేదు. అంతా అయ్యాక మాత్రం, "ఆరు పడితే ఇచ్చినట్లా?" అన్నారు.

"అవునక్కా."

"పడిందా?"

"పడింది."

షామియానా కింద ఎవరో కుర్చీలు ఒకదానిలో ఒకటి పేరుస్తున్నారు. ఆమె అటు చూసి, మళ్ళీ నావైపు తిరిగారు.

"ఆస్పత్రికి వచ్చినావు కదప్పా నువ్వు. చీనీకాయలు తెచ్చినావు. తొనలు వలిచి ఆయన నోట్లో పెట్టినావు."

"అవునక్కా."

"ఏం మాట్లాడుకుంటిరి ఆ పొద్దు?"

ఆట ఎట్ల జరుగుతాండాదప్పా అని ఆయనే అడిగారు. బాగా జరుగుతోంది సార్ అన్నాను. లలితమ్మ కొత్త పాత్ర బాగుందా అన్నారు. బాగుంది సార్ అన్నాను. అదే ఆమెకు చెప్పాను.

ఆమె కళ్ళు తుడుచుకోలేదు. ఏడవలేదు కూడా. ఎండలోకి చూస్తూ నిలబడ్డారు. నేను, పుస్తకం మళ్ళీ వేస్తున్నామని, నాలుగో క్లాసును అందులో పెడతానని, జరిగిందంతా రాస్తానని, దాన్ని చేసింది ఆయనేనని పెద్ద అక్షరాలతో పేరు వేస్తానని గబగబా చెప్పాను.

"రాయి" అన్నారు ఆమె. "ఆయన పేరు మటుకు వద్దు."

"అక్కా, అది ఆయన పని. పేరు లేకపోతే..."

"ఆయనకు చెప్పని మాట ఊరికి చెప్పేదానికి ఆయన పేరెందుకప్పా? నీ పేరు రాసుకో" అని, చేతులు కడుక్కునేవాళ్ళకు నీళ్ళు పోయడానికి వెళ్ళిపోయారు.